బొగ్గు తెగిన చోట

ముందుమాట రాయించుకోవడానికి వచ్చేవాళ్లు మామూలుగా అరటిపళ్లో, మైసూరుపాకు డబ్బానో తెస్తారు. ఈ అమ్మాయి రాయి తెచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన నల్లటి పలకరాయి, అరచెయ్యంత ఉంటుంది. కిటికీ వెలుతురులో కాస్త ఏటవాలుగా తిప్పి చూస్తే దాని మీద ఒక ఆకు అచ్చు తేలింది. నాలుక ఆకారం, నడుమ లావుపాటి ఈనె, అటూ ఇటూ వలలా అల్లుకున్న సన్నని ఈనెలు. గ్లాసోప్టెరిస్. ముప్పై ఏళ్లపాటు నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి పిల్లలకు చూపించిన ఆకు. దాని వయసు 27 కోట్ల ఏళ్ల పైమాటే.

"మా నాయిన బాయిల నుంచి తెచ్చిండు మాస్టారూ. దేవుని అర్రల పెట్టిండు. అమ్మ శుక్రారం శుక్రారం పసుపు కూడా పెడుతది," అంది. నిజమే, రాయి అంచున పసుపు మరక ఉంది.

ఈ పుస్తకం ఎలాంటిదో చెప్పడానికి నాకు ఆ రాయి చాలు. అయినా ముందుమాట అన్నాక నాలుగు పేజీలైనా రాయాలి కదా.

ఆమెది మంచిర్యాల. తండ్రి సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. ఆమె బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటోంది. కాలేజీ కొలువు దిగిపోయాక నాకున్న వ్యాపకం ఒక్కటే: ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న గుండు మీద నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని రాళ్ల కథలు చెప్పడం. ఆ గుండు దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది. దేశంలోని భూగర్భ స్మారకాల్లో అదొకటని అక్కడ పలక కూడా ఉంది. దాని మీద కూర్చుని వేరుశెనక్కాయలు తినేవాళ్లే గాని పలక చదివేవాళ్లు తక్కువ. రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఈ అమ్మాయి వచ్చి పిల్లల వెనకాల నిలబడింది. అంతా విని, "ఇక్కడంతా గట్టి రాయే కదా మాస్టారూ. నేల చీలిన చోటు మన దిక్కు లేదా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో తర్వాత చెప్పింది. ఆఫీసు పని మీద ఏడాదిన్నర నైరోబీలో ఉందట. మొదటి నెలలోనే నైవాషా సరస్సు చూద్దామని టాక్సీలో బయలుదేరింది. నైరోబీ కూడా బెంగళూరులాగే పీఠభూమి మీది చల్లని ఊరు. ఊరు దాటి కొంత దూరం పోయాక రోడ్డు పక్కన గొర్రెతోలు టోపీలు అమ్మే కొట్ల దగ్గర డ్రైవరు కారు ఆపాడు. కొట్ల వెనక్కి వెళ్లి చూస్తే నేల లేదు. వందల మీటర్ల దిగువన ఎండలో తెల్లబోయిన మైదానం, అందులో నోరు తెరుచుకున్న లాంగొనాట్ అగ్నిపర్వతం, కనుచూపు ఆనే చోట అవతలి గోడ. "మీ దేశంలో ఇలాంటిది ఉందా?" అని డ్రైవరు అడిగాడు. లేదంది.

"మీ ఊరేదమ్మా?" అన్నాను. "మంచిర్యాల," అంది. నాకు నవ్వాగలేదు. పుట్టి పెరిగిందే అలాంటి లోయలో.

తప్పు ఆమెది కాదు. తూర్పు ఆఫ్రికా పగులు లోయ ఈ మధ్య పుట్టింది. ఈ మధ్య అంటే మా లెక్కలో రెండున్నర, మూడు కోట్ల ఏళ్లు. ఎర్రసముద్రం కొస నుంచి మొజాంబిక్ దాకా వేల కిలోమీటర్ల పొడవున ఇంకా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున విచ్చుకుంటూనే ఉంది. అందుకే గోడలు నిటారుగా ఉన్నాయి, సరస్సులు నిండుగా ఉన్నాయి, కొండలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. మన ప్రాణహిత గోదావరి లోయ దానికి తాతముత్తాత. చంద్రపూర్ దిక్కు నుంచి ఆసిఫాబాద్, మంచిర్యాల, భూపాలపల్లి, కొత్తగూడెం మీదుగా చింతలపూడి దాకా, అక్కడి నుంచి కోస్తా మట్టి కిందికి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి గీత గీసినట్టు సాగింది. ఒక పక్క ధార్వాడ రాతి గడ్డ, ఇంకో పక్క బస్తరు గడ్డ. గోడలో పక్క రాళ్లు ఎడమైతే నడిమి రాయి జారినట్టు, ఈ రెండూ ఎడమయ్యేసరికి నడుమ నేల కుంగింది. కుంగినప్పుడల్లా ఏర్లు ఇసుకా బురదా మోసుకొచ్చి నింపాయి. నిండినకొద్దీ మళ్లీ కుంగింది. అలా కోట్ల ఏళ్లు సాగి, ఎక్కడో విసిగి ఆగిపోయింది. ఆగిన లోయ అంచుదాకా పూడింది. కిలోమీటర్ల మందాన మట్టి, దాని మీద టేకు అడవి, ఆ అడవి మీదుగా రైలు పట్టాలు. బెంగళూరు నుంచి ఢిల్లీకి పోయే రాజధాని ఎక్కండి. అనంతపురం గుండ్లూ, వరంగల్ గుండ్లూ దాటాక, రామగుండానికీ మంచిర్యాలకూ నడుమ గోదావరి వంతెన మీద పోతున్నప్పుడు మీరు నైరోబీ డ్రైవరు చూపించిన లాంటి లోయలోనే ఉంటారు. కిటికీలోంచి కనబడేది మాత్రం పొలాలు, గుట్టలు, విద్యుత్ కేంద్రం గొట్టాలు.

కనబడని లోయను చూపించడం ఎలా అన్నదే ఈ పుస్తకానికి వచ్చిన కష్టం. మావంటి వాళ్లం అయితే పటం గీస్తాం, పొరల పేర్లు వల్లిస్తాం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర సింగరేణి పల్లెలో బొగ్గు చూశాడు. పదేళ్ల తర్వాత, 1881లో, ప్రాణహిత గోదావరి లోయ భూగర్భం మీద పెద్ద గ్రంథం వేశాడు. కెన్యా లోయను భూగర్భ శాస్త్రవేత్త గ్రెగరీ చూసింది 1893లో. 'రిఫ్ట్ వ్యాలీ' అన్న మాటను లోకానికి అలవాటు చేసింది అతనే. అంటే మన లోయ గ్రంథానికెక్కిన నాటికి దానికి పేరు పెట్టే మాటే ఇంకా వాడుకలోకి రాలేదు. ఇదంతా ఇంగ్లీషులో బోలెడు ఉంది. 1958లో ఈ బెంగళూరులోనే పుట్టిన జియలాజికల్ సొసైటీ వాళ్ల సంచికలు నా అటక మీద బస్తాల కొద్దీ ఉన్నాయి. చెదలు కూడా ఇంగ్లీషే చదువుతున్నాయి. తెలుగులో ఆ లోయలో ఉన్నవాళ్లకు ఆ లోయ సంగతి చెప్పినవాళ్లు ఎందరని వెతికితే, పాఠ్యపుస్తకాల్లో నాలుగేసి వాక్యాలు దొరుకుతాయి. వాటిలో కొన్ని నేనే రాశాను. వాటి గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు.

ఈ అమ్మాయి పటంతో మొదలుపెట్టలేదు, తండ్రితో మొదలుపెట్టింది.

రెండో అధ్యాయం చదవండి. రాత్రి షిఫ్టు. టోపీ దీపాల వెలుతురులో గోడంతా నల్లగా మెరుస్తోంది. తవ్వుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి నలుపు ఆగింది. కత్తితో కోసినట్టు, అంగుళం ఇటు బొగ్గు, అంగుళం అటు తెల్లటి ఇసుకరాయి. మధ్యలో చేతికి నున్నగా తగిలే ఒక పగులు, అందులోంచి చెమ్మ. సిర్దారు వచ్చి అరచేయి ఆనించి చూసి, "ఫాల్టు," అన్నాడు. పని ఆగింది. సర్వే బాబు వచ్చి కొలతలు పెట్టాడు. రాతిలోకి డ్రిఫ్టు, అంటే సొరంగం, కొట్టారు. వారాలు పట్టింది. మూడు నిలువుల లోతున అదే బొగ్గు, అదే పొర, ఏమీ ఎరగనట్టు మళ్లీ దొరికింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె అడిగిందట, నడుమ బొగ్గు ఎటు పోయింది నాయినా అని. "బొగ్గు యాడికీ పోదు బిడ్డా. కిందికి దిగుతది," అన్నాడట ఆయన.

ఫాల్టుకు మా పుస్తకాల్లో మాట భ్రంశం. ముప్పై ఏళ్లు అదంటే ఏమిటో చెప్పాను. నిర్వచనం, రకాలు, పటము, పది మార్కులు. ఆయన అన్న ఆ ఒక్క మాటకు సరిపోయే మాట నా నోట రాలేదు. లోయ కుంగడమంటే అదే. ఒక్క పెద్ద పగులు కాదు, వందలాది చిన్న పగుళ్ల వెంబడి నేల మెట్లు మెట్లుగా దిగడం. కెన్యాలో ఆ మెట్లు కొండ అంచు మీద నిలబడితే కనబడతాయి. మన దగ్గర అవి భూమి లోపల ఉన్నాయి, వాటిని చేత్తో తడిమి చూసినవాళ్లు సింగరేణి కార్మికులు. 1889 నుంచి మూడు నాలుగు తరాల వాళ్లు. మన పటం మీద బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, ఇల్లందు, సత్తుపల్లి, ఈ ఊళ్లను వేలితో కలుపుకుంటూ పోతే లోయ బొమ్మ దానంతట అదే వస్తుంది. పిల్లలతో ఈ పని చేయించమని ఆమె రాసింది. నేను చేయించాను, కుదిరింది. అన్నట్టు, రామగుండం, మంచిర్యాల వైపు బొగ్గు పొరలన్నీ ఈశాన్యానికి వాలి ఉంటాయి. వాస్తు చూసేవాళ్లు వింటే సంతోషిస్తారు.

ఇక్కడ మా ఇద్దరికీ జరిగిన తగువు ఒకటి చెప్పాలి. ఆమె పుస్తకమంతా గనిని 'బాయి' అనే రాసింది. నేను అనంతపురం వాణ్ని. మాకు బావి అంటే నీళ్ల బావి. "మిగతా జిల్లాల వాళ్లకు అర్థం కాదు, గని అని మార్చు, పోనీ పక్కన కుండలీకరణాల్లో పెట్టు," అన్నాను. "గని అని మా ఇంట్ల ఎవరూ అనలే మాస్టారూ. మా నాయిన బాయికి పోయిండు, గనికి పోలే," అంది. నాలుగు రోజులు ఆలోచించి నేనే తగ్గాను. చదువుకున్నవాళ్లు భ్రంశం అన్న మాట నేర్చుకోగా లేనిది, బాయి అన్న మాట నేర్చుకోలేరా?

ఊళ్ల పేర్ల గురించిన అధ్యాయం నాకు ఇంకా ఇష్టం. ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట. ఇవి ఈ లోయ చుట్టుపక్కల పల్లెలు. రాతి పొరలకు దొరికిన చోటు పేరు పెట్టడం మా శాస్త్రం ఆనవాయితీ కాబట్టి, డైనోసార్ల కాలం గురించి మాట్లాడే శాస్త్రవేత్త లండన్‌లో ఉన్నా బ్యూనస్ ఎయిర్స్‌లో ఉన్నా ఈ పేర్లు పలకాల్సిందే. భీమారంలో టీకొట్టు దగ్గర ఆ సంగతి చెబితే అక్కడి పెద్దమనిషి ఒకాయన, "మరి రోడ్డెయ్యమని చెప్పరాదా వాళ్లకు," అన్నాడట.

మహలనోబిస్ పిలుపు మీద 1957లో పురాజీవ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ లండన్ నుంచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు రావడం, ఆ బృందం ఈ లోయలో దిగడం, పెద్ద పెద్ద డైనోసార్ ఎముకలు దొరకడం, ఆ జంతువుకు టాగోర్ శతజయంతి గుర్తుగా బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టి 1975లో ప్రకటించడం, ఇదంతా ఆమె హుషారుగా రాసింది. 'బరా పా' అంటే బెంగాలీలో పెద్ద కాలు. దాని అస్థిపంజరం కలకత్తాలో నిలబడి ఉంది. యమన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో చూడొచ్చు. పిల్లలకు నచ్చుతుందని ఆ అధ్యాయాన్ని కొంచెం ఎక్కువే సాగదీసిందని నా అభిప్రాయం. చెప్పాను. వినలేదు. నేనూ డెబ్భైల్లో పిల్లల్ని తీసుకుని ఆ ఎర్రమట్టి నేలల్లో తిరిగాను. ఒకచోట మేం సుత్తులతో రాళ్లు కొడుతుంటే మేకల కాపరి ఒకతను కాసేపు చూసి, కాలితో ఒక రాయిని మా వైపు నెట్టి, "గది కాదు సారూ, గిది సూడుండ్రి. బొక్కనే, రాయైంది," అన్నాడు. అది వెన్నుపూస. చదువు మాది, చూపు అతనిది.

పుస్తకం సగం నుంచి కెన్యాకూ మనకూ నడుమ రైలులాగా అటూ ఇటూ నడుస్తుంది. ఈ ఏర్పాటు నాకు మొదట నచ్చలేదు. చదవగా చదవగా అలవాటైంది. ఎందుకంటే పోలికలు ఆమె లాగి లాగి చెప్పదు. ఒక అధ్యాయంలో 1904లో మాసాయి పశుపాలకులను నైవాషా, నకూరు చుట్టుపట్ల పచ్చిక బయళ్ల నుంచి లేపి, తెల్లదొరల వ్యవసాయానికి ఆ నేల ఇచ్చిన కథ ఉంటుంది. అంతకుముందే 1901 నాటికి మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు పడింది. దాన్ని వేసింది మన పంజాబు కూలీలు. తర్వాతి అధ్యాయంలో 1929 నాటికి కాజీపేట, బల్హార్షా రైలుమార్గం పూర్తవడం, రైలు వెనకే భూములు వెతుక్కుంటూ పైవాళ్లు రావడం, అడవి రిజర్వు కావడం, గోండులు తమ పోడు మీదే పరాయివాళ్లు కావడం, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరగడం ఉంటాయి. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టాడు. రెండు అధ్యాయాల నడుమ ఆమె ఒక్క వాక్యమైనా చేర్చలేదు. నేనైతే ఓ పేజీ ఉపన్యాసం దంచేవాణ్ని.

గోండుల పేరు మీదే గోండ్వానా అన్న మాట పుట్టింది. 1872లో భూగర్భ శాస్త్రవేత్త మెడ్లికాట్ మన రాతి పొరలకు ఆ పేరు పెట్టాడు. తర్వాత ఇంకో భూగర్భ శాస్త్రవేత్త స్యూస్ దాన్ని దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న మహాఖండానికి వాడాడు. అంటే ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా అన్నీ ఒకప్పుడు గోండుల పేరు మీద రాసిన పట్టా భూములే. కాగితం మీద అంత పొలం ఉన్నవాళ్లకు ఊళ్లో రెండెకరాల పట్టా కోసం కచ్చేరీల చుట్టూ తిరగడం తప్పలేదు.

నా ఫిర్యాదు గోండుల దేవుడు నాగోబా గురించి. కేస్లాపూర్ జాతర ముందు మెస్రం వంశం వాళ్లు అడవి దారిన రోజుల తరబడి నడిచి గోదావరిలో హస్తినమడుగు నుంచి నీళ్లు తెస్తారు. ఆ నడకలో ఆమె కొంత దూరం వాళ్లతో కలిసి నడిచింది. నీళ్ల కలశం నేలకు ఆననివ్వరని, రాత్రి మర్రిచెట్ల కింద బస అని రాసి, మూడు పేజీల్లో ముగించింది. మూడు పేజీలేమిటి! గట్టు మీది దేవుడి దగ్గరి నుంచి లోయ అడుగున ఉన్న నదికి దిగి, మళ్లీ ఎక్కడం. ఈ పుస్తకం మొత్తం చెప్పాలనుకున్నది ఆ కాళ్లు చేసి చూపిస్తున్నాయి. మలిముద్రణలో పెంచాలి. ఇది ముందుమాటలో రాస్తున్నాను కాబట్టి ఇక తప్పించుకోలేదు.

కెన్యా భాగంలో నాకు మనసైనవి మరక్వెత్ వాళ్ల కాలువలు. కెరియో లోయ పక్కన నిటారు కొండగోడ వెంబడి, మోటు రాళ్లు, దుంగలు, కొమ్మలు పేర్చి పైనుంచి నీళ్లు దింపుతారు. ఏ వంశానికి ఏ పూట నీళ్లో వంతులుంటాయి. మా సీమలోనూ, ఈ బెంగళూరు చెరువుల కిందా నీరుగంటి అనే మనిషి ఉండేవాడు. తూము అతని చేతిలో, వంతు అతని నోట్లో. ఇక్కడ చెరువులు పోయాయి, నీరుగంటీ పోయాడు. కాలెన్జిన్ పరుగువీరుల గురించి రాస్తూ ఎత్తు, గాలి, రక్తం అని వైద్యం చెప్పకుండా, ఈటెన్ ఊళ్లో తెల్లవారుజామున మట్టిరోడ్డు మీద వినబడే అడుగుల చప్పుడు మాత్రం రాసి ఊరుకోవడం కూడా బాగుంది.

నైవాషా గులాబీల దగ్గర మన బెంగళూరు కూడా వస్తుంది. దొడ్డబళ్లాపురం పాలీహౌసుల్లో గులాబీలు పెంచే ఊరు మనది. ఇక్కడి కరుటూరి గ్లోబల్ 2007లో నైవాషా ఒడ్డున గులాబీ తోటలు కొన్నది. ఆ లోయలోనే మగాడి అనే సోడా సరస్సు ఉంది. అక్కడి సోడా పరిశ్రమ 2005 నుంచి మన టాటా కెమికల్స్‌ది. మా బెంగళూరు మాగడి రోడ్డుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదని ఆమె ఒక పాదసూచికలో రాసింది. ఆ పాదసూచికను తీసెయ్యమని ఎవరో సలహా ఇచ్చారట. నేను ఉంచమన్నాను.

మన లోయ నిజంగా ఆగిపోయిందా అని చివర్లో ఒక అధ్యాయం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కదిలింది. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు అడవుల్లో 5.3. ఆ పూట హైదరాబాద్‌లో కూడా జనం మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. పాత పగుళ్లు కుదుటపడ్డాయేమో గాని అతుక్కోలేదు. మణుగూరు పక్కన పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వాటంతటవే ఉబికి వస్తాయి. సింగరేణి వాళ్లు ఆ వేడితో 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పెట్టారు. కెన్యాలో ఓల్కారియా దగ్గర 1981లోనే భూతాపంతో కరెంటు తీయడం మొదలైంది. ఇవాళ ఆ దేశపు కరెంటులో పెద్ద వాటా ఆ లోయ ఆవిరిదే. మనది 20 కిలోవాట్లు. ఈ అంకెల పక్కన కూడా ఆమె ఏమీ రాయలేదు. తాతకీ మనవడికీ ఒంట్లో వేడి ఒకటే ఉండదు కదా, అని నేను చెప్పుకున్నాను.

అచ్చుకు పోయే ముందు ఆమె మంచిర్యాల వెళ్లింది. దారిలో రైలు గోదావరి వంతెన మీద ఉండగా ఫోటో తీసి నైరోబీ డ్రైవరుకు పంపిందట. 'ఆరోజు నువ్వడిగావు కదా, మా దేశంలోనూ ఉంది, ఇదే' అని. సాయంత్రానికి జవాబొచ్చింది. 'నది బాగుంది. లోయేది?'

"ఏం రాయాలె మాస్టారూ?" అని నాకు ఫోన్ చేసింది. రెండో అధ్యాయం ఇంగ్లీషులో చెప్పి పంపమన్నాను. పంపిందో లేదో అడగాలి. రాయి కూడా ఇంకా నా బల్ల మీదే ఉంది. వచ్చే శుక్రవారం లోపు వాళ్ల అమ్మగారికి చేర్చాలట.

బసవనగుడి, బెంగళూరు